మీ మామగారి స్కాన్ గురించి

అక్కా,

నువ్వు పంపిన సీటీ ఫైళ్లు మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను సగంలో ఆపేస్తాను, అందుకే రాస్తున్నాను. బావగారికి కూడా చదివి వినిపించు.

కుడి ఊపిరితిత్తి పైభాగంలో, ఛాతీ గోడకు ఆనుకుని పెద్ద గడ్డ ఉంది. కాంట్రాస్ట్ (రక్తం పారే చోట్లు తెల్లగా కనిపించేలా నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చాక తీసిన బొమ్మల్లో దాని అంచు మాత్రమే తెల్లగా మెరుస్తోంది, నడుమ మసకగానే ఉండిపోయింది. గడ్డ పెరిగే వేగానికి రక్తం అందకపోతే లోపలి కణాలు చచ్చిపోతాయి, ఇక ఆ కాంట్రాస్ట్ మందు అక్కడికి చేరదు. పక్కటెముకల దగ్గర ఉండాల్సిన సన్నటి కొవ్వు గీత ఒకచోట చెరిగిపోయింది, గోడలోకి పాకిందేమోనని నా అనుమానం. మామగారికి అటువైపే నొప్పి అన్నావు కదా, అది దీనివల్లే కావచ్చు. కాలేయం, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు మాత్రం బాగున్నాయి.

సీటీ రిపోర్టులో రాసిన సార్కోమటాయిడ్ కార్సినోమా అనే రకం చాలా అరుదు, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో నూటికి ఒకటి కూడా ఉండదు. ఎక్కువగా పొగతాగే పెద్దవయసు మగవాళ్లకు వస్తుంది. మొండిది, త్వరగా పాకుతుంది, నీ దగ్గర దాచను. కానీ స్కాన్ చూసి ఆ పేరు ఖాయం చెయ్యడం ఎవరి వల్లా కాదక్కా. మామూలు రకాలు కూడా పెద్దవైతే ఇలాగే కనిపిస్తాయి, ఒక్కోసారి చీముగడ్డ కూడా.

తేల్చాల్సింది బయాప్సీయే. నడుమ చచ్చిన భాగంలో సూది గుచ్చితే ఏమీ తెలియదు, సీటీలో చూసుకుంటూ మెరిసే అంచు నుంచే ముక్కలు తియ్యమని డాక్టర్ని తప్పకుండా అడగమని బావగారికి చెప్పు. ఈ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే ప్లియోమార్ఫిక్ రకం అని చెప్పాలంటే కదురు ఆకారపు కణాలో, రాక్షస కణాలో (మామూలుకన్నా చాలా పెద్ద కణాలు) గడ్డలో కనీసం 10 శాతం ఉండాలి. సూదికి వచ్చే చిన్న ముక్కలో ఆ లెక్క తేలదు, ఆపరేషన్ చేసి గడ్డ తీస్తేనే పక్కాగా చెప్పగలరు. అందుకని బయాప్సీ రిపోర్టులో 'అనుమానం' అనే రాసినా కంగారుపడి ఇంకో ఆసుపత్రికి పరుగెత్తకండి.

బయాప్సీ ముక్క మీద మెట్ ఎక్సాన్ 14 (మెట్ అనే జన్యువులో ఒక మార్పు), పీడీ-ఎల్1 (క్యాన్సర్ కణాల మీదుండే ఒక ప్రొటీన్) పరీక్షలు కూడా చేయించండి. ఆ మెట్ మార్పు ఈ రకంలో మిగతావాటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, ఉంటే దానికి మాత్రలున్నాయి. వాటిలో ఒకటైన కాప్‌మాటినిబ్‌కు అమెరికాలో 2020లోనే అనుమతి వచ్చింది. పీడీ-ఎల్1 ఎక్కువుంటే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం) మీద ఆశ పెట్టుకోవచ్చు. ఇంకెక్కడికైనా పాకిందేమో చూసే పెట్ స్కాన్, మెదడు ఎమ్మారై ఈలోగానే అయిపోవాలి, వారాలు గడవనివ్వొద్దు.

బయాప్సీ అయ్యాక రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా పారఫిన్ బ్లాకు (తీసిన ముక్కను మైనంలో పెట్టి భద్రపరిచే దిమ్మ) ఎక్కడుందో కనుక్కుని జాగ్రత్త చేయించు, అందులో ముక్క మిగిలి ఉంటే మళ్లీ గుచ్చకుండానే మిగతా పరీక్షలు చేయొచ్చు.

నీ తమ్ముడు