బోర్డులో కూర్చునే ముందు నీ ఫోర్త్ గ్రేడ్ నోట్‌బుక్ చూడు

చిట్టీ,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక చార్టర్ స్కూల్ వాళ్ళు, అంటే సర్కారు డబ్బుతో సొంత బోర్డు నడుపుకునే బడివాళ్ళు, నిన్ను ఆ బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్‌లోకి రమ్మన్నారని, మీ ఆఫీసులో సీనియర్ ఎవరో నీ పేరు చెప్పారని, ఒప్పుకోనా వద్దా నాన్నా అని అడిగావు కదా, ఆలోచించి చెప్తా అన్నాను. వాట్సాప్‌లో రాస్తే ముక్కలు ముక్కలుగా పోతుంది, అందుకే ఇలా కూర్చుని రాస్తున్నా. కొంచెం పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదువుకో.

నువ్వు పంపిన ఆ ట్రస్టీల లిస్టు చూశాను. ఒకటికి రెండుసార్లు చూశాను. తొమ్మిది మంది. ఇద్దరు ప్రైవేట్ ఈక్విటీ, ఒకాయన హెడ్జ్ ఫండ్, ఒకావిడ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు, ఇంకొకాయన బాండ్ల వ్యాపారం, ఒక కార్పొరేట్ లాయరు, ఒక రియల్ ఎస్టేట్ ఆయన, ఒక మార్కెటింగ్ ఆవిడ, ఒక హాస్పిటల్ అడ్మినిస్ట్రేటరు. పదోదానివి నువ్వు, సీపీఏ, లెక్కలు ఆడిట్ చేసే అకౌంటెంటువి. అంటే పది కుర్చీల్లో ఆరు డబ్బు లెక్కలు తెలిసినవాళ్ళవి. క్లాసులో చాక్‌పీస్ పట్టుకున్నవాళ్ళు ఒక్కరు లేరు, ఆ స్కూల్లో పిల్లో పిల్లాడో చదువుతున్న తల్లీ తండ్రీ లేరు. నాకు నిద్ర పట్టనిది అందుకే, నువ్వు బోర్డులో కూర్చుంటావని కాదు.

వాళ్ళని తప్పు పట్టడం లేదమ్మా. అలాంటి వాళ్ళు ఎందుకు కావాలో నేను దగ్గరుండి చూశాను. నువ్వు సెకండ్ గ్రేడ్‌లో ఉండగా జెర్సీ సిటీలో మీ స్కూల్ బోర్డులో పేరెంట్ ట్రస్టీగా చేరాను, ఆరేళ్ళు చేశాను, నీకు లీలగా గుర్తుండే ఉంటుంది, నెలకో మంగళవారం రాత్రి అన్నం తినకుండా వెళ్ళేవాణ్ణి. మొదటి మీటింగ్ కెఫెటీరియాలో, పిల్లలు కూర్చునే పొట్టి బెంచీల మీద. ఒక్కొక్కరూ ఏం చేస్తారో చెప్పారు, లాయరు, బ్యాంకు, కంట్రాక్టరు, ఒక కంపెనీలో హెచ్‌ఆర్, ఒక రిటైర్డ్ టీచరు. నా వంతు వచ్చింది, డేటాబేస్‌లు చూస్తాను, నా కూతురు ఇక్కడ రెండో క్లాసు అన్నాను.

చార్టర్ స్కూల్ అంటే పబ్లిక్ స్కూలే, ఫీజు లేదు, సీట్ల కన్నా అప్లికేషన్లు ఎక్కువైతే లాటరీ తీస్తారు, నిన్ను చేర్పించింది కూడా లాటరీలోనే, ఆరోజు మీ అమ్మ సాయిబాబా గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. కానీ ఊళ్ళో మామూలు పబ్లిక్ స్కూళ్ళు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఉన్నట్టు దీనికి పన్ను వేసే అధికారం లేదు, చాలా వాటికి సొంత బిల్డింగ్ లేదు. న్యూజెర్సీ చట్టంలో ఒక్కో పిల్లకి డిస్ట్రిక్ట్ ఇవ్వాల్సింది తన బడ్జెట్‌లో ఒక్కో పిల్లకి పడే ఖర్చులో 90 శాతం లెక్కన రాసుంటుంది, అందులోంచే అద్దె కట్టుకోవాలి, టీచర్ల జీతాలు ఇవ్వాలి. న్యూయార్క్ సిటీలో 2014 నుంచి కొత్తగా పెట్టే చార్టర్లకి సిటీ వాళ్ళు పబ్లిక్ స్కూల్ బిల్డింగ్‌లో చోటైనా చూపించాలి, లేకపోతే అద్దెకి సాయమైనా చెయ్యాలి, మాకు ఆ మాట కూడా లేదు. అందుకని రియల్ ఎస్టేట్ తెలిసిన మనిషి, బ్యాంకు మనిషి, లాయరు లేకుండా ఏ చార్టర్ బోర్డూ నిలబడదు.

మా లాయరు గురించి ఒక్కటి చెప్తా. లీజు రెన్యువల్‌కి వచ్చింది, నలభై పేజీలు, అందరం చివరి పేజీలో అద్దె ఎంతో చూసి సరే అనుకున్నాం. ఆవిడ మాత్రం పసుపు కాగితాలు అంటించుకుని తెచ్చింది, అందులో ఒక దగ్గర రూఫ్ రిపేరు, బాయిలర్ మార్చడం అద్దెకున్నవాళ్ళదే బాధ్యత అని చిన్న అక్షరాల్లో ఉంది. ఆవిడ ఆ ఒక్క పేరా మార్పించింది. ఆ తర్వాత రెండో చలికాలంలోనే బాయిలర్ పోయింది, ఓనరే మార్చాడు. ఆవిడ పిల్లలు మన స్కూల్లో లేరు, ఒక్క డాలర్ తీసుకోలేదు, ట్రస్టీలకి జీతం ఉండదు కదా. ఆ రోజుకి ఆమె చదువు ఎంతమంది పిల్లల్ని వెచ్చగా ఉంచిందో.

అందుకే పేరున్న చార్టర్లు చూస్తే అన్నీ అలాగే ఉంటాయి. 2006లో హార్లెంలో మొదలైన సక్సెస్ అకాడమీ వెనక ఉన్నవాళ్ళు జోయెల్ గ్రీన్‌బ్లాట్, జాన్ పెట్రీ, ఇద్దరూ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ మనుషులే. కిప్ అని ఇంకో చార్టర్ స్కూళ్ళ సంస్థ ఉంది, దాన్ని 1994లో హ్యూస్టన్‌లో మొదలుపెట్టింది ఇద్దరు కుర్ర టీచర్లు, తర్వాత దాన్ని దేశమంతా పెంచడానికి డబ్బు పెట్టింది గ్యాప్ బట్టల కంపెనీ పెట్టిన ఫిషర్ దంపతులు. చూశావా, టీచర్ మొదలుపెట్టాడు, పెంచడానికి వ్యాపారం తెలిసినవాళ్ళు కావాల్సొచ్చింది. అసలు ఈ చార్టర్ మాటని 1988లో దేశమంతా తిప్పింది ఆల్బర్ట్ షాంకర్, ఆయన టీచర్ల యూనియన్ ప్రెసిడెంటు! టీచర్లే చిన్న చిన్న స్కూళ్ళు పెట్టుకుని కొత్త పద్ధతులు ప్రయత్నించాలని ఆయన ఆలోచన. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది, మరుసటేడు సెయింట్ పాల్‌లో మొదటి స్కూల్ తెరిచారు, న్యూయార్క్ 1998లో చట్టం చేసింది. టీచర్ల కోసం అనుకున్నది, ఇప్పుడు నువ్వు పంపిన లిస్టులో టీచరే లేరు, అదే నాకు మింగుడు పడట్లేదు.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పనిది చెప్తా. నువ్వు ఫోర్త్ గ్రేడ్‌లో ఉండగా, 2005 జనవరిలో మీ క్లాస్ టీచర్ మానేసి వెళ్ళిపోయింది. ఆమెతో పాటు పైక్లాసుల్లో ఇంకో ఇద్దరు. ఫిబ్రవరి మీటింగ్‌కి ఫైనాన్స్ కమిటీ రిపోర్ట్ వచ్చింది, జీతాల పద్దులో అనుకున్న దానికన్నా తక్కువ ఖర్చయింది, మిగులు ఉంది అని. మా బ్యాంకు ఆయన చాలా సంతోషంగా చదివాడు, నిజంగానే మంచివాడు, పోయినేడు లోటుతో ఎంత నలిగిపోయాడో మాకు తెలుసు, అందుకే ఆ మిగులు చూసి అందరం ఊపిరి పీల్చుకున్నాం. రిపోర్ట్ ఆమోదించాలని ఒకరు మోషన్ పెట్టారు. దాన్ని సెకండ్ చేసింది, అంటే బలపరిచింది, నేను.

అప్పుడు ఆ రిటైర్డ్ టీచర్, ముప్ఫై ఏళ్ళు నెవార్క్‌లో పాఠం చెప్పినావిడ, కళ్ళజోడు తీసి అడిగింది, ఈ డబ్బు ఎక్కడ మిగిలింది, ఆ మూడు క్లాసుల్లో ఇవాళ పొద్దున ఎవరున్నారు అని. ఎవ్వరికీ తెలీదు. ప్రిన్సిపల్ వైపు చూశాం. రోజుకొక సబ్స్టిట్యూట్ టీచర్ వస్తున్నారు, ఎవరూ దొరకనిరోజు రెండు క్లాసులు కలిపి కూర్చోబెడుతున్నాం అంది.

నువ్వు ఇంట్లో చెప్తూనే ఉన్నావమ్మా. ఇవాళ కొత్త మిస్ వచ్చింది నాన్నా, ఇవాళ సినిమా చూపించారు నాన్నా అని అన్నం తింటూ చెప్పేదానివి, నేను ఊ కొట్టేవాణ్ణి. ఆ రాత్రి ఇంటికొచ్చి నీ బ్యాగులోంచి మాథ్స్ నోట్‌బుక్ తీశాను. జనవరి సగం నుంచి ప్రతి పేజీలో పైన తేదీ ఉంది, నీట్‌గా గీత కొట్టి ఉంది, కింద ఏం లేదు. పదిహేడు పేజీలు లెక్కపెట్టాను. మీ టీచరు చెప్పకపోయినా రోజూ తేదీ వేసి గీత కొట్టి, ఎవరైనా ఏదైనా చెప్తారేమో అని కూర్చున్నావు. బోర్డులో మేం చూసి సంతోషించిన ఆ మిగులు అదే, ఆ ఖాళీ పేజీలు. నేను డేటాబేస్‌లు చూసే మనిషిని, అంకె వెనక అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకడమే నా ఉద్యోగం, అయినా అడగలేదు. ఆవిడ అడిగింది, ఎందుకంటే ఆవిడకి జీతం పద్దు చూడగానే ఒక గది, బల్లలు, ఇరవై మంది పిల్లలు కనపడ్డారు.

మార్చి ఆఖరికి మీకు కొత్త టీచర్ వచ్చింది, ఆ మిగులు డబ్బులోంచే జీతం కొంచెం పెంచి తెచ్చాం. నోట్‌బుక్ మీ అమ్మ దాచింది.

కాబట్టి నువ్వు వెళ్ళొద్దని అనను. నిన్ను తీసుకెళ్ళి ఫైనాన్స్ కమిటీలోనే వేస్తారు, అది ఖాయం. నీ పని నీకు నేను చెప్పక్కర్లేదు, ఆడిట్ రిపోర్ట్ చదవడం, చేతిలో ఎన్ని రోజుల ఖర్చుకి డబ్బుంది చూడడం, అడ్మిషన్ల సంఖ్య తగ్గితే వచ్చే డబ్బు ఎంత తగ్గుద్దో ముందే కట్టడం, ఇవన్నీ నీకు కొట్టిన పిండి. చార్టర్లు మూతపడేది చాలాసార్లు డబ్బు లెక్క తప్పే, అందుకని నీలాంటివాళ్ళు అక్కడ ఉండాలి. చార్టర్, అంటే స్కూల్ నడుపుకోమని ఇచ్చే అనుమతి, మహా అయితే ఐదేళ్ళకోసారి రెన్యువల్‌కి వస్తుంది, అప్పుడు ఆ అనుమతి ఇచ్చినవాళ్ళు పరీక్షల మార్కులతో పాటు బోర్డు ఎలా నడుస్తోందో కూడా చూస్తారు. ఇంకోటి, మీ కంపెనీకి ఆ స్కూల్‌తో ఏదైనా పని ఉందేమో ముందే కనుక్కో, ఉంటే మొదటిరోజే రాతపూర్వకంగా చెప్పేసెయ్, ఆ విషయం చర్చకి వస్తే లేచి బయటికి వెళ్ళు. లాయరైనా కంట్రాక్టరైనా సొంత వృత్తి ఉన్నవాళ్ళు బోర్డులో కూర్చున్నప్పుడు జనం మొదట చూసేది అదే.

కానీ ఒప్పుకునే ముందు ఒక మాట అడుగు వాళ్ళని. మీలో పాఠం చెప్పినవాళ్ళు ఎవరు, ఈ పిల్లలు ఉండే వీధుల్లో ఉండేవాళ్ళు ఎవరు అని. మర్యాదగానే అడుగు, ఇంటర్వ్యూ వాళ్ళు నిన్ను చేస్తున్నట్టే నువ్వూ వాళ్ళని చెయ్యాలి. మీ తాతయ్య తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్‌మాస్టర్‌గా చేశారు కదా, మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టంలో సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడొంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలని పెట్టారు. అది చాలాచోట్ల పేరుకే నడుస్తుందని ఆయన బాధపడేవారు, అయినా ఆ కుర్చీ వాళ్ళది అని చట్టం రాసిపెట్టింది. న్యూయార్క్‌లో బోర్డుకి అంత వాటా రూల్ లేదు, ఉన్న తొమ్మిది మందే పదోవాళ్ళని వెతుక్కుంటారు, వాళ్ళకి తెలిసినవాళ్ళు వాళ్ళలాంటివాళ్ళే ఉంటారు. నువ్వు కూడా అలాగే దొరికావు. అందుకే ఒప్పుకుంటే ఒక షరతు పెట్టు తల్లీ, తర్వాతి రెండు కుర్చీల్లో ఒకటి టీచర్‌గా చేసినవాళ్ళకి, ఒకటి అక్కడి పేరెంట్‌కి అని. వాళ్ళు నసిగితే నీకే తెలిసిపోద్ది.

ఇంకా ఒకటి, మీటింగులు సాయంత్రం ఆరున్నరకి మ్యాన్‌హాటన్‌లో ఎవరి ఆఫీసులోనో పెడుతున్నారేమో చూడు. బ్రాంక్స్‌లో రెండు ఉద్యోగాలు చేసే తల్లి అక్కడికెలా వస్తుంది, వచ్చినా కింద సెక్యూరిటీ దగ్గర ఐడీ చూపించి ముప్ఫయ్యో అంతస్తు ఎక్కి ఆ గాజు గదిలో నోరు విప్పగలదా? స్కూల్లోనే పెట్టమను. మేం ఆ పొట్టి బెంచీల మీద కూర్చున్నందుకే ఒకసారి ఒక మామ్మ లేచి మా మనవడికి స్పీచ్ థెరపీ నాలుగు నెలలుగా ఆగిపోయింది అని చెప్పగలిగింది, అది ఏ రిపోర్టులోనూ లేదు.

శనివారం వస్తున్నాం కదా, ఆ నోట్‌బుక్ అమ్మ బీరువాలోంచి తీసి బ్యాగులో పెట్టింది. నీ దగ్గరే ఉంచుకో. ఒప్పుకుంటే మొదటి మీటింగ్ ఎప్పుడో చెప్పు, అవి ఎవరైనా వచ్చి వినే మీటింగులే, నేను పాత్ ట్రైన్ ఎక్కి వచ్చి వెనక కుర్చీలో కూర్చుంటా.

మీ నాన్న