కౌంటు లెక్క సంగతి

భీమవరం,
ఆదివారం మధ్యాహ్నం

బావా,

నీ ఉత్తరానికి జవాబు బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇంటర్నల్స్, పేపర్లు దిద్దడం, మధ్యలో అమ్మకి కంటి ఆపరేషన్. అమ్మ ఇప్పుడు బాగానే ఉంది, సీరియళ్లు మళ్లీ మొదలుపెట్టింది. చిన్నది నాలుగో తరగతికి వచ్చింది. స్థలం గొడవ ఇంకా తేలలేదు. మావుళ్లమ్మ ఉత్సవాలకి ఈసారి కూడా ఎగ్గొట్టావంటే నాలుగో బెంచీ కోర్టులో కేసే. జరిమానా ఏమిటో నీకు తెలుసు, అది కూడా వేడివేడిగానే కట్టాలి.

సరే, అసలు సంగతికి వస్తా. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఈ ఏడాది సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ల్యాబ్‌లో లైబ్రరీ మేనేజ్‌మెంట్, రైల్వే రిజర్వేషన్ ఇవ్వనని థర్డ్ ఇయర్ పిల్లలకి ముందే చెప్పేశాను. మన రోజుల నుంచీ అవి సీనియర్ల రికార్డుల్లోంచి దిగుతూనే ఉన్నాయి కదా. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాసే కాగితానికి ఐఈఈఈ 830 అనే పాత ప్రమాణంలోని హెడ్డింగులు పెట్టడం, కింద "సిస్టమ్ వేగంగా ఉండాలి, వాడటానికి సులువుగా ఉండాలి" అని రాసేయడం. వేగమంటే ఎంత? సులువు ఎవరికి? ఉందో లేదో ఎలా తేలుస్తావురా అని అడిగితే నేల చూపులు. అందుకని రొయ్యల పట్టుబడి రోజున చెరువు గట్టు మీద లెక్క కట్టే యాప్ ఇచ్చాను. శాంపిల్ బరువు, అందులో ఎన్ని రొయ్యలు ఉన్నాయో కొడితే కౌంటు, ధర, రైతుకి రావలసిన డబ్బు చూపించాలి.

నువ్వు ఊరు వదిలి చాలా ఏళ్లయింది కాబట్టి గుర్తు చేస్తున్నా. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయని. 30 కౌంటంటే పెద్ద రొయ్య, 100 కౌంటంటే చిన్నది. కౌంటు పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. హాస్టల్ పిల్లల బ్యాచ్ ఒకటి దీన్ని తిరగేసి రాసింది. పక్కనున్న కాళ్ల మండలం కుర్రాడు అది చూసి లేచి నిలబడిపోయాడు!

పద్ధతి కూడా మార్చాను. ఒక బ్యాచ్ స్పెసిఫికేషన్, అంటే యాప్ ఏం చేయాలో చెప్పే కాగితం, రాస్తుంది. ఇంకో బ్యాచ్ కోడ్ మొహం చూడకుండా, ఆ కాగితం ఒక్కటే దగ్గర పెట్టుకుని టెస్ట్ కేసులు, అంటే ఏం కొడితే ఏం రావాలో, రాస్తుంది. కోడ్ రాసేది ఇంకెవరో. కోడ్ రాసినవాడే టెస్టులు కూడా రాస్తే, వాడు అక్కడ మర్చిపోయింది ఇక్కడా మర్చిపోతాడు. నీకు రోజూ ఉండే గొడవే ఇది.

మొగల్తూరు వైపు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె ఉంది. క్లాసులో నోరు విప్పదు. వాళ్ల నాన్న చెరువులు కౌలుకి చేస్తాడు. టెస్టులు రాయాల్సిన బ్యాచ్ ఆమెది. కాగితం మీద "శాంపిళ్ల సగటు కౌంటు తీసుకోవాలి" అని ఉంది. అందరూ దాటేశారు. ఈ అమ్మాయి ఆగింది. వచ్చి చాక్‌పీస్ అడిగి బోర్డు మీద రాసింది. మొదటి శాంపిల్ కిలో, 40 రొయ్యలు. రెండోది రెండు కిలోలు, 100 రొయ్యలు. అంటే 40 కౌంటు, 50 కౌంటు. రెండిటి సగటు 45. అదే మొత్తం 140 రొయ్యల్ని మూడు కిలోలతో భాగిస్తే 46.67. "ఏ సగటు సార్?" అంది.

బావా, ఆ క్షణం నువ్వు ఉండాల్సింది. రెండు బ్యాచ్‌లు అప్పటికే కోడ్ రాసేశాయి, ఒకరు అలా, ఒకరు ఇలా. ఇద్దరివీ కాగితం ప్రకారం రైటే, డబ్బు మాత్రం వేరు. ఒక్కో కౌంటుకి మూడు రూపాయలు తేడా అనుకో, ఈ 1.67 కౌంటు తేడాకి కిలోకి ఐదు రూపాయలు. టన్నుకి ఐదు వేలు. ఎవరో ఆ లెక్క పైకి అనగానే క్లాసంతా గోల!

ఒక కుర్రాడు "45 ఉంచేద్దాం సార్, రైతుకి లాభం కదా" అన్నాడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "పెద్ద శాంపిల్‌లో పెద్ద రొయ్యలు పడితే అదే లెక్క మా నాన్నని ముంచుతుంది" అని మళ్లీ బోర్డు మీద వేసింది. రెండు కిలోలకి 80, కిలోకి 50. సగటు అదే 45, అసలు లెక్క 43.33. ఎవరూ మాట్లాడలేదు. నాకు గొంతు పట్టేసింది, నిజంగా.

1999లో నాసా వాళ్ల అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయిన కథ అంతకుముందే చెప్పాను. ఒక టీమ్ సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో అంకెలిస్తే, అవతలివాళ్లు మెట్రిక్ కొలత న్యూటన్ సెకన్లనుకున్నారని. రెండు మార్కుల ప్రశ్నలా రాసుకుని ఊరుకున్నారు. ఈ రొయ్యల గొడవ అయ్యాక ఒకడు వచ్చి "అక్కడ కూడా కాగితం మీద ఉన్నది అందరూ ఒకేలా చదవలేదా సార్?" అని అడిగాడు. అక్కడ యూనిట్ ఏదో కాగితం మీద స్పష్టంగానే ఉందిరా, దాని ప్రకారం ఉందా లేదా అని గట్టిగా టెస్ట్ చేసినవాళ్లు లేరు అని చెప్పాను. ఇంకొకడు ఎన్ని టెస్టులు రాస్తే చాలన్నాడు. టెస్టింగ్‌తో తప్పులున్నాయని చూపించగలం గానీ లేవని చూపించలేమని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1969లోనే అన్న మాట చెప్పాను. వాడికి కోపమొచ్చింది. నాకు ఆ కోపం నచ్చింది.

తర్వాత స్పెసిఫికేషన్ తెలుగులో రాయించి ఆ అమ్మాయి నాన్నగారి దగ్గరికి పట్టుకెళ్లాం. గట్టు మీద నిలబడే చదివారు. చదివి, "నీళ్లు కారాక తూకమా, కారకముందా? ట్రే బరువు ఎక్కడ తీసేశారు?" అన్నారు. చూశావా! ఇంతమందిమి కూర్చుని రాసిన కాగితంలో అసలు తూకమంటే ఏమిటో లేదు. పిల్లలు అక్కడే, బురదలో నిలబడి, దిద్దుకున్నారు.

ఆ అమ్మాయికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట. వాళ్ల నాన్నగారితో మాట్లాడాలని ఉంది, కానీ ఎలా... సరే, అది ఇంకో ఉత్తరం. నా టెన్షనల్లా ఎక్స్‌టర్నల్ పరీక్ష గురించి. వచ్చేవాళ్లు డయాగ్రాములు లెక్కపెట్టి మార్కులేస్తే ఈ పిల్లలకి అన్యాయం జరుగుతుంది. దాని గురించి మా హెచ్‌ఓడీ గారితో గట్టిగానే మాట్లాడబోతున్నా.

దిద్దిన కాగితం జిరాక్స్ ఇందులో పెట్టాను. శాంపిల్ బరువు సున్నా కొడితే ఏం జరగాలో కూడా రాశారు, చూడు. ఇంకా ఎక్కడెక్కడ చిల్లులున్నాయో ఎర్ర పెన్నుతో గీసి పంపు, మొహమాటపడకు. నువ్వు వచ్చినప్పుడు ఒక గంట మా క్లాసుకి కూడా...

మా కొలీగ్ వచ్చేశాడు, నరసాపురం ఎక్స్‌ప్రెస్ టైమైందట, ఇది అతని చేతికే ఇస్తున్నా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
నాలుగో బెంచీ ప్లీడరు