డిప్రెషన్ అనడం నేర్చుకున్నాం, మాత్ర దాచడం మానలేదు

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం పేరిట నగరంలో జరిగే నడకలు, ఆకుపచ్చ రిబ్బన్లు, కళాశాలల్లో ఉపన్యాసాలు మీ పత్రికలో చూస్తూనే ఉన్నాం. వాటివల్ల మేలేమీ జరగలేదని అనను. డిప్రెషన్, యాంగ్జైటీ లాంటి మాటలు ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలు కూడా తడుముకోకుండా పలుకుతున్నారు. అయితే జనానికి తెలిసిందెంత, తెలిసినదాన్ని పాటిస్తున్నదెంత అన్నది సభల్లో తేలదు. మందుల దుకాణంలో తేలుతుంది. చిక్కడపల్లిలో చాలా ఏళ్లుగా అలాంటి దుకాణం నడుపుతున్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

బీపీ, షుగర్ మాత్రలు ఎవరైనా ఇంటి పక్కనే కొనుక్కుంటారు. మానసిక జబ్బులకు వాడే ఒలాంజపిన్, రిస్పెరిడోన్, లిథియం చీటీలు మాత్రం కూకట్‌పల్లి నుంచి, ఉప్పల్ నుంచి నా దగ్గరికి వస్తాయి. అక్కడ దుకాణాలు లేక కాదు, అక్కడి దుకాణదారుడు తమను ఎరుగును కనుక. కౌంటర్ దగ్గర మనుషులుంటే పక్కకు తప్పుకుని నిలబడతారు. వాళ్లు కదిలాక చీటీ తీస్తారు. డాక్టరు పేరు, డిగ్రీ ఉండే పైభాగం లోపలికి మడిచి ఉంటుంది. ఒక తల్లి కూతురి కోసం రెండు నెలల మాత్రలు తీసుకుని, షీట్లలోంచి అన్నీ విప్పి ఖాళీ విటమిన్ డబ్బాలో పోసివ్వమని అడిగింది. పిల్లకు కొత్తగా పెళ్లయింది. అత్తగారింట్లో రక్తం తక్కువని చెప్పుకుంటుందట. నేను పోయలేదు. విప్పిన మాత్రకు గాలి, తేమ తగులుతాయన్నది ఒక కారణం. రేపు ఆ పిల్ల కళ్లు తిరిగి పడిపోతే ఏ మందు వాడుతోందో ఆసుపత్రిలో చెప్పే దిక్కు ఉండదన్నది అసలు కారణం. ఆవిడ కోపంగా వెళ్లిపోయింది. మరో దుకాణంలో పోసి ఇచ్చే ఉంటారు.

పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందన్న మాట మన ఇళ్లలో ఇంకా చెల్లుబాటవుతోంది. జరిగేది దానికి తలకిందులు. పెళ్లి సందడిలో వరసగా రాత్రుళ్లు నిద్ర ఉండదు. బైపోలార్, అంటే అతి హుషారు, అతి దిగులు విడతలుగా వచ్చే జబ్బు, ఉన్నవారికి అది తిరగబెట్టడానికి ఆ నిద్రలేమి చాలు. కొత్త ఇంట్లో మాత్ర వేసుకునే చాటు దొరకదు. మాటతీరు మారగానే గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు, చివరికి పుట్టింటికి పంపేస్తారు. జబ్బు దాచి చేసిన పెళ్లిని రద్దు చేయమని కోర్టుకెక్కే వీలు హిందూ వివాహ చట్టంలో ఉంది కనుక ఆ దాపరికం ఆడపిల్లను కాపాడేదీ లేదు. ఇదే మాత్రలు వేసుకుంటూ ఉద్యోగాలు చేసుకుంటున్న, పిల్లల్ని పెంచుకుంటున్న దంపతులు నాకు ఖాతాదారులుగా ఉన్నారు. నాకు తెలిసినంతలో వాళ్లు అవతలివారికి ముందే చెప్పి చేసుకున్నవాళ్లు.

మరో విడ్డూరం చెప్పాలి. స్కిజోఫ్రీనియాకు, అంటే లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పుట్టే జబ్బుకు, ఇచ్చిన మందు చేతిలో పట్టుకుని "ఇవి అలవాటైపోతాయటగా?" అని భయపడే మనిషే, తన నిద్ర కోసం ఒక షీటు ఆల్ప్రజోలం చీటీ లేకుండా ఇవ్వమని బతిమాలతాడు. నిజానికి అలవాటయ్యేది ఆ రెండోది. దాన్ని చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్1లో చేర్చి, ఎవరికి అమ్మామో రిజిస్టరులో రాయమన్నది ఊరికే కాదు. కల్తీ కల్లులో కలిపేదీ ఈ జాతి మత్తుమందులే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే కల్లు, మద్యం దొరకక వణుకుతో, కలవరింతలతో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తిన సంగతి పత్రికలన్నీ రాశాయి. ఒలాంజపిన్‌కు అలాంటి యావ పుట్టించే గుణం లేదు. బరువు పెరగడం, షుగర్ రావడం వంటి ఇబ్బందులు ఉన్నమాట నిజమే, వాటిని డాక్టరు కనిపెట్టి ఉండాలి. లిథియం వాడేవారికి రక్తపరీక్షలు తప్పవు. డిప్రెషన్ మాత్ర గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే పని చేయలేదని కొందరు, కాస్త తేరుకోగానే తగ్గిపోయిందని మరికొందరు డాక్టరుతో చెప్పకుండా మానేస్తారు. తిరగబెట్టాక వచ్చే చీటీ మునుపటికన్నా పొడుగ్గా ఉంటుంది. నాకది బేరమే గానీ, సంతోషించే బేరం కాదు.

ఎర్రగడ్డ అన్న పేరు తిట్టుగా మారి తరాలు గడిచాయి. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న ఆసుపత్రిని 1950లలో అక్కడికి తెచ్చారు. వైద్యం ఉచితం. అయినా అక్కడికి వెళ్లివచ్చేవాళ్లు ఇరుగుపొరుగుతో ఛాతీ ఆసుపత్రికి వెళ్లామని చెబుతారు. అదీ ఎర్రగడ్డలోనే ఉంది కనుక అబద్ధం అతుకుతుంది. ఒకప్పుడు క్షయ పేరెత్తితే పిల్లనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఆ క్షయ ఆసుపత్రి చాటునే ఇంకో జబ్బును దాస్తున్నాం!

చట్టానికి లోటు లేదు. తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచే ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు రేగితే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదంటోంది. ఒంటి జబ్బుకు ఇచ్చినట్టే మనసు జబ్బుకూ బీమా ఇవ్వాలంటోంది. పాలసీ ఉండి కూడా ఆ సంగతి ఎరగనివాళ్లే నాకు ఎక్కువగా తగులుతారు. లెక్కల దగ్గరా ఇదే తంతు. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. పెద్దల్లో వందకు పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన ఊరి సంగతి వేరే రాష్ట్రాల లెక్కలతో మాట్లాడుకుంటున్నాం.

ప్రభుత్వాన్ని కోరేది ఒకటే. డాక్టరు ఒకసారి జబ్బు నిర్ధారించి మందు కుదిర్చాక, నెలనెలా ఆ మాత్రలు ప్రతి బస్తీ దవాఖానాలోనూ బీపీ మాత్రల పక్కనే దొరకాలి. అందరితోపాటు వరుసలో నిలబడి, అందరిలాగే ఒక కవరు పట్టుకుని ఇంటికి వెళ్లిపోతే ఎవరికీ ఏ అబద్ధమూ చెప్పే పని లేదు. మానసిక ఇబ్బందులకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416 రేయింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. దాన్ని మా దుకాణం అద్దం మీద అంటించాను. దాని గురించి నోరు తెరిచి అడిగినవారు అరుదు. ఫోన్లో ఫొటో తీసుకుని గబగబా వెళ్లిపోయేవారు మాత్రం చాలామందే ఉన్నారు.

ఇక మీ వంతు. నేరవార్తల్లో "సైకో", "ఉన్మాది" అన్న శీర్షికలు నెలకోసారైనా కనిపిస్తున్నాయి. నిందితుడికి ఏదైనా జబ్బు ఉందో లేదో డాక్టరు చూడకముందే మీ విలేకరి తేల్చేస్తున్నాడు. ఆత్మహత్య వార్తల విషయంలో ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా "మార్కులు తక్కువ వచ్చాయని", "భార్య తిట్టిందని" అంటూ ఒక్క ముక్కలో కారణం తేల్చేయడం ఆగలేదు. అంతకన్నా ముఖ్యమైనది మీ క్లాసిఫైడ్స్ పేజీ. చేతబడి తొలగిస్తాం, పిచ్చి కుదురుస్తాం, ఫోన్‌లోనే పరిష్కారం అంటూ గురూజీల ప్రకటనలు అక్కడ వరస కట్టి ఉంటాయి. తాయెత్తులతో, మంత్రాలతో మతిభ్రమణం నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. మానసిక ఆరోగ్యంపై ప్రత్యేక సంచిక వేసిన రోజున కూడా అవి అచ్చయ్యాయి. వాటిని తీసుకోవడం మానేసి, ఆ జాగాలో రోజూ 14416 వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
చిక్కడపల్లి, హైదరాబాద్