మంత్రి గారూ, విశాఖ మ్యాచ్ చూసినవాళ్లను ఇంటికి చేర్చండి

ఆంధ్రప్రదేశ్ రవాణా, యువజన, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రవాణా, క్రీడలు రెండూ మీ దగ్గరే ఉన్నాయి. ‘అది మా పరిధిలోకి రాదు’ అనే జవాబు ఈసారి రాదన్న ధైర్యంతో ఈ లేఖ రాస్తున్నాను.

పోతినమల్లయ్యపాలెం క్రికెట్ మైదానం అందం గురించి మీకు చెప్పనక్కర్లేదు. టీవీలో కెమెరా కాస్త పైకి లేస్తే చాలు, చుట్టూ పచ్చటి కొండలు, అవతల సముద్రం. అయితే మా మమకారం కొండలను చూసి పుట్టింది కాదు. 2005 ఏప్రిల్ 5న ఇక్కడ జరిగిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే, పాకిస్థాన్ మీద మూడో స్థానంలో దిగిన జులపాల కుర్రాడు 123 బంతుల్లో 148 కొట్టాడు. ధోనీ అంటే ఎవరో దేశానికి తెలిసింది ఆ రోజే. 2018లో కోహ్లీ వన్డేల్లో పదివేల పరుగులు దాటిందీ ఇక్కడే. 2019లో రోహిత్ టెస్టుల్లో తొలిసారి ఓపెనర్‌గా వచ్చి రెండు ఇన్నింగ్స్‌లోనూ శతకాలు బాదాడు. 2024లో బుమ్రా యార్కర్‌కు ఇంగ్లండ్ బ్యాటర్ ఒలీ పోప్ స్టంపులు చెల్లాచెదురైన తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది.

అన్నీ తీపి గుర్తులే కావు. 2023 మార్చిలో ఆస్ట్రేలియా మనల్ని 117 పరుగులకే చుట్టేసి, ఆ లక్ష్యాన్ని 11 ఓవర్లలో ఊదేసింది. పొద్దు గూకకముందే అందరం బయటపడ్డాం. డే-నైట్ మ్యాచ్ చూసి జనం ఇబ్బంది లేకుండా ఇల్లు చేరిన రోజు బహుశా అదొక్కటే.

నూరు ఓవర్లూ పూర్తిగా సాగితే ముగిసేసరికి బాగా రాత్రవుతుంది. బయటికొస్తే జాతీయ రహదారి పొడవునా మనుషులే. కార్ షెడ్ జంక్షన్ దగ్గర ఆటో ఆపితే, డ్రైవరు ముందు మన చేతిలోని జెండా చూస్తాడు, ఆ తర్వాత రేటు చెబుతాడు. పక్కనే ఒక తండ్రి భుజం మీద పాప నిద్రపోతుంటుంది. బుగ్గ మీద మూడు రంగులు ఇంకా చెరగలేదు. ఆయన ప్రతి బస్సుకూ చెయ్యెత్తుతాడు, కిక్కిరిసిన బస్సు ఆగకుండానే వెళ్లిపోతుంది. గాజువాక వెళ్లాల్సినవాళ్ల పాట్లే ఇలా ఉంటే, విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? అందుకే ఆట రసపట్టులో ఉండగానే కుటుంబాలు లేచి గేటు వైపు నడుస్తుంటాయి. టికెట్ డబ్బు మొత్తానికీ కట్టి, ఆట ముప్పాతిక చూసి వెళ్తారు.

2025 అక్టోబరు 12న ఇక్కడే మహిళల ప్రపంచకప్‌లో మన జట్టు 330 పరుగులు చేస్తే, ఆస్ట్రేలియా ఒక ఓవర్ మిగిలి ఉండగా గెలిచింది. మహిళల వన్డేల్లో అంత పెద్ద ఛేదన అంతకుముందు లేదు. మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లతో స్టాండ్లు పెట్టుకున్నాం, చాలా మంచి పని. ఆ స్టాండ్‌లో కూర్చున్న అమ్మాయి గడియారం వైపు చూడకుండా చివరి బంతి దాకా ఉండగలగాలి కదా! స్త్రీ శక్తి పథకంలో ఆమెకు ప్రయాణం ఉచితమే. ఎక్కడానికి ఆ వేళకు బస్సు ఉండాలి, అంతే.

మ్యాచ్‌లు కేటాయించేది క్రికెట్ బోర్డు, ఆ జోలికి పోను. 2014లో హుద్‌హుద్ వచ్చి వెస్టిండీస్ వన్డే రద్దయితే ఎవరూ ఎవరినీ నిందించలేదు. రాత్రి బస్సు దొరకకపోవడం మాత్రం తుపాను కాదు.

చెన్నైలో ఐపీఎల్ టికెట్ చూపించి సిటీ బస్సులో ఉచితంగా వెళ్లే ఏర్పాటు చేశారు. మన దగ్గరా నిర్వాహకులతో మాట్లాడి, ఆ ఖర్చును టికెట్ ధరలోనే కలపవచ్చు. మద్దిలపాలెం, గాజువాక, అనకాపల్లి, విజయనగరం వైపు బస్సులు మైదానానికి నడిచి వెళ్లగలిగే దూరంలో ముందే వరుసగా నిలబడి ఉండాలి. మ్యాచ్ ఎంత ఆలస్యమైనా, చివరి బస్సు మాత్రం ముగిశాక గంట దాకా కదలకూడదు. టెస్టు రోజుల్లో ఇదే పని ఉదయం పూట పాఠశాలల పిల్లల కోసం చేయండి. పనిదినాల్లో ఖాళీగా కనిపించే కుర్చీలు కొన్నయినా నిండుతాయి.

తర్వాతి మ్యాచ్ టికెట్లు అమ్మకానికి పెట్టే రోజే బస్సులు ఎక్కడి నుంచి బయలుదేరతాయో, చివరి బస్సు ఎప్పుడో కూడా ప్రకటించండి. కొనేముందే మాకు తెలియాలి.

భవదీయుడు,
విశాఖ క్రికెట్ ప్రేక్షకుడు