విజయనగరం కోట కథ బొబ్బిలి యుద్ధంతో ముగియలేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా విజయదశమి తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం సందర్భంగా పత్రికల్లో విజయనగరాన్ని ఏలిన పూసపాటి వంశాన్ని గురించి, వారి కోటను గురించి వచ్చే కథనాలు దాదాపు అన్నీ 1757 జనవరి నాటి బొబ్బిలి యుద్ధంతో మొదలై, పెద విజయరామరాజును తాండ్ర పాపారాయుడు చంపడంతోనూ, ఆ దుఃఖంతో రాజు చెల్లెలు తనువు చాలించి పైడితల్లిగా వెలసిందన్న ఐతిహ్యంతోనూ ముగుస్తాయి. ఆ కథ చెప్పవలసిందే. 1713లో, విజయ నామ సంవత్సరంలో పునాది పడిన కోటకు ఆ తరువాత కూడా చరిత్ర ఉందని మాత్రం పిల్లలకు ఎవరు చెబుతారు?

కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, కట్టవలసిన పేష్కషు (కప్పం) దగ్గర ముదిరిన తగాదా 1794 జూలై 10న పద్మనాభం యుద్ధానికి దారితీసి, అప్పటి రాజు చిన విజయరామరాజును బలిగొన్నది. మైనరు కొడుకు నారాయణబాబు కొండ జమీందారుల అండన తలదాచుకుని, చివరకు బాగా కుదించిన జమీందారీకి తిరిగి వచ్చాడు. ఇక కత్తికి పని లేకపోయిన ఆ ఇల్లు తన ప్రతిష్ఠను చదువులోనూ కళలోనూ వెదుక్కున్నదని నా అభిప్రాయం. 1857లో పెట్టిన పాఠశాల 1879 నాటికి కళాశాల అయింది. ఆ కళాశాలలో పాఠాలు చెప్పి, సంస్థాన శాసన పరిశోధకుడిగానూ పనిచేసిన గురజాడ అప్పారావు గారు 1897లో ‘కన్యాశుల్కం’ను విజయనగరం మహారాజు ఆనందగజపతికే అంకితమిచ్చారు.

అన్నింటికన్నా నన్ను కదిలించేది సంగీత కళాశాల పుట్టుక. సంస్థానంలో పనిచేసే ఒకరి కుమారుడు అంధుడు. అతనికి సంగీతం నేర్పే ఏర్పాటు చేయమని తండ్రి అడిగితే, మహారాజు విజయరామ గజపతి ఆ ఒక్క కుర్రవాడికి గురువును కుదిర్చి ఊరుకోకుండా 1919లో ఏకంగా కళాశాలనే నెలకొల్పారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ బోధించారు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదువుకున్నవారే. ఒక తండ్రి విన్నపం తెలుగు పాటను ఎక్కడిదాకా నడిపించిందో చూడండి!

ఈ దాతృత్వానికి ఆధారం రైతు కట్టిన శిస్తేనన్న సంగతి కూడా రాయాలి, లేకపోతే అది చరిత్ర కాదు, స్తోత్రమవుతుంది. జమీందారీలు రద్దయ్యాక 1958లో ఆ వంశానికే చెందిన పి.వి.జి. రాజు గారు మాన్సాస్ అనే విద్యా ట్రస్టును స్థాపించారు. ఒకప్పటి రాజనివాసంలో ఇప్పుడు విద్యార్థులు చదువుకుంటున్నారు.

2020లో మన ఊరి పాత కట్టడమైన మూడు లాంతర్ల స్తంభాన్ని కూల్చినప్పుడు చాలామంది బాధపడ్డాం. కట్టడం వెనుక కథ ఊరికి బాగా తెలిసి ఉంటే, దాని మీద చెయ్యి వేసేముందు పదిమందీ అడ్డుపడతారు. అందుచేత ఈసారి సిరిమాను ప్రత్యేక సంచికలో ఒక పుటను 1794 తరువాతి కోట చరిత్రకు కేటాయించి, ఆ విద్యాసంస్థల్లో చదివిన వృద్ధుల జ్ఞాపకాలను మీ విలేఖరుల ద్వారా సేకరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం.