పుష్కరాలకు ముందు పాత లాడ్జీల మాట: పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖల మంత్రివర్యులు గౌరవనీయులు శ్రీ కందుల దుర్గేష్ గారికి,

నమస్కారాలు.

రాజమహేంద్రవరం రైల్వే స్టేషను నుంచి సామాను పట్టుకుని నడిచి రాగలిగినంత దూరంలో నాకు 24 గదుల లాడ్జి ఉంది. మా నాన్నగారు కట్టించినది. దానికి స్టార్లు లేవు, ఏసీ గదులు 9 మాత్రమే, లిఫ్టు వచ్చి మూడేళ్లయింది. మీరు నిడదవోలు నుంచి ఎన్నికైనవారు కాబట్టి గోదావరి స్నానానికి వచ్చే జనం ఎలాంటివారో, రాత్రి ఎక్కడ తల దాచుకుంటారో నేను చెప్పనక్కర్లేదు. అయినా ఈ ఉత్తరం అందరికీ కనబడేలా రాస్తున్నాను. 2027లో రానున్న గోదావరి పుష్కరాల ఏర్పాట్లలో ఘాట్ల మాట, రోడ్ల మాట వినిపిస్తున్నంతగా, ఆ వచ్చే జనంలో ఎక్కువమంది దిగే పాత లాడ్జీల మాట ఎక్కడా వినిపించకపోవడమే అందుకు కారణం.

2024 డిసెంబరులో మీ ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానాన్ని ప్రకటించి, ఈ రంగానికి పరిశ్రమ హోదా, అంటే పరిశ్రమలకిచ్చే రాయితీలు పొందే అర్హత, ఇచ్చినప్పుడు మా వీధిలోని లాడ్జీల వాళ్లమంతా సంతోషించాం. 2025 జూన్‌లో మా ఊరి గోదావరి తీరాన్ని పర్యాటకుల కోసం తీర్చిదిద్దే అఖండ గోదావరి ప్రాజెక్టుకు 94.44 కోట్ల రూపాయలతో శంకుస్థాపన జరిగి, 1997 నుంచి రైలు ఎక్కని పాత హావలాక్ రైలు వంతెనకు మళ్లీ మంచిరోజులు వస్తాయన్నప్పుడు ఇంకా సంతోషించాం. వంతెన చూడటానికి వచ్చినవాడు ఒక పూట ఎక్కువ ఉంటాడు. ఉంటే గది కావాలి. పెద్ద హోటళ్లు రావడం మీద కూడా నాకు ఫిర్యాదు లేదు. వాటిలో దిగేవాళ్లు వేరు, మా మెట్లెక్కేవాళ్లు వేరు. హోమ్‌స్టేల మీద కాస్త అసూయ ఉన్న మాట నిజమే, కానీ అది ఈ ఉత్తరంలో విషయం కాదు.

పరిశ్రమ హోదా అన్న మాట చెవిన పడిన వారంలోనే కాగితాలు పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే కూర్చోబెట్టి, కొత్తగా కడుతున్నారా అని అడిగారు. లేదండీ, పాతదే, బాత్‌రూములు మార్పించి వెనకవైపు రెండో మెట్లదారి వేయించాలనుకుంటున్నాను అన్నాను. అయితే మీకు వర్తిస్తుందో లేదో కనుక్కుని చెబుతానన్నారు. ఇప్పటికీ కనుక్కుంటూనే ఉన్నారు. ఆయనను తప్పుపట్టను. ప్రోత్సాహకాలను ప్రధానంగా కొత్త పెట్టుబడిని రప్పించడానికి రాసుకున్నప్పుడు, ఎప్పుడో పెట్టుబడి పెట్టేసి, అప్పు తీర్చేసి, ఇప్పుడు పైపులు మార్చుకోవడానికి చేతులాడనివాడు ఏ గడిలోకి వస్తాడో ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది?

ఈ పదేళ్లలో మా వ్యాపారం మారిన తీరు కూడా మీ దృష్టికి తేవాలి. ఒకప్పుడు గది బేరం కౌంటరు దగ్గర జరిగేది, ఇప్పుడు ఫోనులో జరుగుతోంది. మన ప్రాంతపు లాడ్జీల్లో ఏళ్ల తరబడి ఉన్నది 24 గంటల పద్ధతి. రాత్రి పదింటికి దిగినవాడు మర్నాడు రాత్రి పదింటిదాకా ఉండవచ్చు. యాప్‌లు వచ్చి, మధ్యాహ్నం 12 గంటలకు ఖాళీ చేయాలనే స్టార్ హోటళ్ల లెక్కను మాకూ అంటగట్టాయి. తెల్లవారుజామున నాలుగింటికి రైలు దిగి, రేవులో మునిగి, ద్రాక్షారామం వెళ్లివచ్చి, మళ్లీ రాత్రి రైలెక్కే యాత్రికుడు మా పద్ధతిలో ఒక్క రోజు అద్దె ఇస్తే సరిపోయేది. కొత్త లెక్కలో రెండు రోజులది ఇవ్వాలి, లేదా ఒళ్లు నొప్పులతో స్టేషను బల్ల మీద కూర్చోవాలి.

మొన్న కార్తీక మాసంలో ఒక రాత్రి ఒంటిగంట దాటాక ఏడుగురి కుటుంబం మా లాడ్జికి వచ్చింది. వాళ్లలో పెద్దావిడ పైకి రాలేక సంచీతో సహా మెట్ల మీదే చతికిలబడ్డారు. కుర్రవాడు ఫోను చూపించాడు. మూడు గదులు, డబ్బు కట్టేసినట్టు రసీదు. నా దగ్గర ఖాళీగా ఉన్నది ఒక్కటే. సాయంత్రం ఆరింటికే ఆ యాప్‌లో గదులు మూసేశాను, అది యాప్ వైపు నమోదు కాలేదు. యాప్ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించింది. చివరికి ఆ పెద్దావిడకు ఉన్న గది తీసిచ్చి, మిగిలినవాళ్లకు పక్కవీధిలో తెలిసిన లాడ్జిలో రెండు గదులు ఇప్పించి, అద్దె తేడా 1,100 రూపాయలు నేనే పెట్టుకున్నాను. మర్నాడు మా లాడ్జి పేరు కింద వాళ్ల అభిప్రాయం పడింది: ఒక స్టారు. మా లాడ్జికి స్టార్లు లేవని పైన రాశాను కదా, ఆ ఒక్కటీ అలా వచ్చింది.

యాప్‌లే లేకపోతే బాగుండుననే మనిషిని కాను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగి పాపికొండల విహారం ఆగిపోయాక మా గదులు కొంతైనా నిండాయంటే వాటి పుణ్యమే. నా ఫిర్యాదల్లా వాటి షరతుల మీదే. హోటల్, రెస్టారెంటు సంఘాల సమాఖ్య ఫిర్యాదు మీద విచారణ జరిపిన కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కేంద్ర సంస్థ), 2022 అక్టోబరులో గదులు బుక్ చేసే యాప్ కంపెనీల్లో మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్లు, ఓయోకు 168.88 కోట్ల రూపాయల జరిమానా విధించి, ఇంకో చోట ఇంతకంటే తక్కువకు గది అమ్మకూడదని హోటళ్ల చేతులు కట్టే షరతులను మార్చాలని మేక్‌మైట్రిప్-గోఐబిబోను ఆదేశించింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. ఢిల్లీలో ఆ వాదనలు ఎలా సాగినా, ఇక్కడ నాకు తెలిసిన సంగతి ఒకటే: ఫోను తెర మీద పై వరుసలో కనబడాలంటే కమీషను పెంచాలి, పెంచనివాడు వేలితో ఎంత కిందికి తోసినా దొరకడు.

కమీషనుకు పన్ను తోడైతే ఏమవుతుందో ఒక గది లెక్కతో చెబుతాను. 2022 జులై 18 దాకా రోజుకు 1,000 రూపాయల లోపు గదికి జీఎస్టీ లేదు; ఆ రోజు నుంచి 12 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల దాకా గదులన్నిటికీ 5 శాతం చేశారు. గది తీసుకునేవాడికి ఇది మేలే. 1,500 రూపాయల గదికి 1,680 కట్టేవాడు ఇప్పుడు 1,575 కడుతున్నాడు. కానీ ఈ 5 శాతంతో పాటు మాకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మేం కొన్నవాటి మీద కట్టిన పన్నును మేం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, తీసేశారు. అదే గది యాప్ ద్వారా వెళితే నా ఒప్పందం ప్రకారం 22 శాతం కమీషను, అంటే 330 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 59 రూపాయల 40 పైసలు. మునుపు ఆ 59 రూపాయలను నేను కట్టాల్సిన పన్నులో సర్దుకునేవాణ్ణి, ఇప్పుడు నా జేబులోంచే పోతున్నాయి. దుప్పట్లు, తువ్వాళ్లు, గీజర్ల మీద కట్టిన పన్నుదీ అదే గతి. 7,500 పైబడిన గదులకు 18 శాతం పన్ను ఉన్నా క్రెడిట్ ఉంది. అది ఉండాల్సిందే, నాకు అభ్యంతరం లేదు, కానీ మాకు ఎందుకు లేదని మాత్రం అడుగుతాను. ఇది జీఎస్టీ మండలి తేల్చవలసిన విషయమని తెలుసు. ఆ మండలిలో మన ఆర్థిక మంత్రిగారూ సభ్యులే కనుక, కనీసం యాప్ కమీషను మీది పన్నుకైనా క్రెడిట్ ఇమ్మని అడగవలసిందిగా మీరు ఆయనకు రాయాలని నా మనవి.

మా తప్పు కూడా రాసి తీరాలి. 2015 పుష్కరాల్లో, 600 రూపాయల గదిని నేను 3,000కు ఇచ్చాను. ఊళ్లో అందరూ అలాగే ఇచ్చారు అనేది సమాధానం కాదు. మొదటి రోజు, జులై 14 ఉదయం, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ సాయంత్రం గదుల కోసం వచ్చినవాళ్లలో తడిబట్టలతో, చెప్పుల్లేకుండా, వెంట వచ్చినవాళ్లు ఎక్కడున్నారో తెలియని మనుషులున్నారు. వాళ్లలో ఒక్కరి దగ్గర నేను డబ్బు తీసుకోలేదు. అంతకు ముందు రోజు మాత్రం అందరి దగ్గరా తీసుకున్నాను. గది ధర ముందే తెలిసి, ఏ వీధిలో ఎన్ని గదులున్నాయో ముందే తెలిసి వచ్చే జనం తెల్లవారేదాకా రోడ్ల మీద తిరగరు, ఒకే ఘాట్ మీద ఒకేసారి పడరు అని నాకు ఆ రాత్రి నుంచీ అనిపిస్తూనే ఉంది.

అందుకే అడుగుతున్నాను. రాజమహేంద్రవరం, కొవ్వూరు మొదలు రెండు గట్ల మీద ఉన్న ప్రతి లాడ్జీ, సత్రమూ పుష్కరాల 12 రోజులకు తన గరిష్ఠ అద్దెను ఆరు నెలల ముందే మీ శాఖకు రాసివ్వాలనీ, ఆ ధర గుమ్మం దగ్గర తెలుగులో బోర్డు కట్టాలనీ నియమం పెట్టండి. మామూలు రోజుల కంటే కొంత ఎక్కువకు ఒప్పుకోండి, లేకపోతే దొంగచాటుగా వసూలు చేస్తారు. అలా రాసిచ్చిన గదులన్నిటినీ, ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలో, కమీషను లేకుండా, 24 గంటల లెక్కన పెట్టండి. యాత్రికుడు గుంటూరులోనో వరంగల్‌లోనో ఇంట్లో కూర్చుని గది తీసుకుని బయల్దేరతాడు. ఏ రోజు ఏ వీధిలో ఎంతమంది దిగుతున్నారో పోలీసులకూ ముందే తెలుస్తుంది. ఇప్పుడు మా సొరుగుల్లో రబ్బరు బ్యాండ్లు వేసి పడున్న ఆధార్ జిరాక్సుల కట్టలతో తెలిసేదేమీ లేదు.

ఇందులో చేరే పాత లాడ్జికి ప్రతిఫలంగా, పర్యాటక విధానంలోనే ఒక చిన్న గడి గీయండి. 50 గదుల లోపు ఉన్నవి, పదేళ్లకు పైబడినవి, బాత్‌రూములు బాగుచేసుకోవడానికి, అగ్నిప్రమాదంలో బయటపడే రెండో దారి వేసుకోవడానికి, పెద్దవయసు వాళ్ల కోసం మెట్ల పక్కన వాలుదారి కట్టుకోవడానికి తీసుకునే అప్పు మీద కొంత వడ్డీ రాయితీ ఇస్తే చాలు. పరిశ్రమ హోదాలో పాత లాడ్జికి ఏమేం వర్తిస్తాయో, దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలో తెలుగులో ఒక్క పేజీ అచ్చువేసి మునిసిపల్ కార్యాలయంలో అంటించండి. నన్ను కూర్చోబెట్టిన ఆ ఉద్యోగికి కూడా పని తగ్గుతుంది.

పనివాళ్ల సంగతి ఒక్కమాట. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన మన పిల్లలు హైదరాబాదుకో, గల్ఫ్‌కో, ఓడల మీద ఉద్యోగాలకో వెళుతున్నారు, వెళ్లనివ్వండి. మా దగ్గర గదులు ఊడ్చి, దుప్పట్లు మార్చే ఐదుగురిలో ముగ్గురు ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. పని చూసి నేర్చుకున్నవాళ్లే తప్ప ఎవరూ వాళ్లకు నేర్పలేదు. వానాకాలంలో మాకు గిరాకీ తగ్గే నెలల్లో, వాళ్లకు పది రోజుల శిక్షణ ఈ ఊళ్లోనే ఇప్పిస్తే జీతం ఇస్తూనే పంపుతాను.

మా వీధిలో 11 లాడ్జీలున్నాయి. గదుల లెక్క, ఇప్పటి అద్దెలు, పుష్కరాలకు మేం ఒప్పుకునే గరిష్ఠ ధర రాసి అందరి సంతకాలతో సిద్ధం చేస్తున్నాం. ఎవరికి అందజేయాలో మీ కార్యాలయం ఒక అధికారి పేరు చెబితే ఆ మర్నాడే తెచ్చి ఇస్తాం.

భవదీయుడు,
ఒక లాడ్జి యజమాని
రాజమహేంద్రవరం