కామంబేర్ పట్టణం కాదు, పల్లె

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో ఫ్రాన్స్ చీజ్‌లపై వచ్చిన వ్యాసంలో కామంబేర్‌ను ‘చీజ్ పరిశ్రమకు పేరుపడ్డ పట్టణం’ అని రాశారు. నార్మండీలోని ఓర్న్ జిల్లాలో ఉన్న ఈ ఊరి జనాభా 200కు అటూ ఇటూ. చర్చి, మేయరు కార్యాలయం, చీజ్ ప్రదర్శనశాల తప్ప ఊరి నడిబొడ్డు అనదగినది అక్కడ పెద్దగా లేదు. రైతుల ఇళ్లు పచ్చిక బయళ్లకూ ఆపిల్ తోటలకూ మధ్య, గట్ల మీద పెంచిన చెట్ల వరుసల చాటున, విడివిడిగా ఉంటాయి. కాస్త పెద్ద ఊరంటే నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని విమూతియేనే.

1791లో బ్రీ ప్రాంతం నుంచి వచ్చి తలదాచుకున్న మతగురువు ఒకరు మెలకువ చెప్పగా మారీ ఆరెల్ అనే రైతు మహిళ ఈ ఊరి పేరుతోనే పిలిచే కామంబేర్ చీజ్‌ను కనిపెట్టిందన్న కథను మీ వ్యాసం చరిత్రగా చెప్పింది. మారీ ఆరెల్ ఉన్నమాట, ఆమె సంతతి ఈ వ్యాపారాన్ని పెంచినమాట నిజమే. కానీ విమూతియేలో సోమవారం సంతకు కామంబేర్ చీజ్‌లు వస్తాయని 1708లోనే, అంటే ఆమె పుట్టుకకు యాభై ఏళ్ల ముందే, ఒక భౌగోళిక నిఘంటువు పేర్కొన్నది. (చీజ్‌ను వ్యాసమంతటా ‘జున్ను’ అనడం కూడా సరికాదు, ఇది ఈనిన కొత్తలో పిండే పాలతో చేసేది కాదు.)

అసలు పద్ధతిలో పచ్చిపాలను కాచకుండానే తోడు పెడతారు. గడ్డకట్టిన పాలను చిల్లుల అచ్చులోకి గరిటెతో ఒక పొర వేసి, నీరు కారి అది కుంగేదాకా ఆగి, ఆ తర్వాతే రెండో గరిటె వేస్తారు; ఇలా కనీసం ఐదు గరిటెలు పడాలి. తరువాత ఉప్పు చల్లి ఆరబెడితే పైన తెల్లని బూజు పట్టి, మూడు వారాలకు 250 గ్రాముల బిళ్ల పలుచని చెక్కపెట్టెలోకి చేరుతుంది. ఆ పాలలో కనీసం సగం కళ్లచుట్టూ గోధుమరంగు మచ్చలుండే నార్మన్ ఆవులవి కావాలి.

ఈ కట్టుబాట్లన్నీ 1983లో చట్టరక్షణ పొందిన ‘కామంబేర్ ద నార్మండీ’కే వర్తిస్తాయి. ఒట్టి ‘కామంబేర్’ అన్న పేరు ఎవరైనా వాడుకోవచ్చునని 1926లోనే ఓర్లియాఁ అప్పీలు కోర్టు తేల్చింది. కనుక ఆ పేరుతో దుకాణాల్లో దొరికే ప్రతి డబ్బానూ ఆ ఊరి సరుకుగా చెప్పిన మీ వాక్యాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను.

ఆ పేరు ఎంత దూరం పాకిందో చెప్పడానికి ఒక ఉదాహరణ: విమూతియేలో నిలిపిన మారీ ఆరెల్ విగ్రహం 1944 జూన్ నాటి అమెరికన్ బాంబుదాడిలో తల కోల్పోయింది. 1953లో ఆవిష్కరించిన కొత్త విగ్రహాన్ని కానుకగా ఇచ్చినవారు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఇదే పేరుతో చీజ్ తయారుచేసే ఫ్యాక్టరీ ఉద్యోగులు.

భవదీయుడు,
ఒక పాఠకుడు